ముప్పై మీటర్ల శూన్యం

ఈ రోజుల్లో భూమి కొలిచే కుర్రాళ్ళను చూస్తే నాకు కాస్త అసూయ, కాస్త జాలి. మూడు కాళ్ళ స్టాండు మీద ఓ యంత్రం నిలబెట్టి, మీట నొక్కి, తల కూడా ఎత్తకుండా ఆకాశంలోంచి కొలతలు దింపుకుంటారు. మా రోజుల్లో ఆ పనికి ముగ్గురు కావాలి. ఆ ముగ్గురిలో ఒకడి బుర్ర వేరే ఎక్కడో తిరుగుతుంటే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ ఒకడిని నేనే. మీలో చాలామంది ఇప్పుడు ఫోన్లో గంట మోగగానే కళ్ళు మూసుకుని శ్వాసను గమనిస్తున్నారని మా మనవరాలు చెప్పింది. మంచి అలవాటే. నేను నలభై ఏళ్ళ కిందటే ఆ పని చేశాను. డ్యూటీలో ఉండగా చేశాను, అదే వచ్చిన చిక్కు.

ఎనభైలలో దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ వైపు వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్షతోటలు, జొన్నచేలు, వాటి మధ్య తెల్ల సున్నం పూసిన హద్దురాళ్ళు కనిపించేవి. ప్రతి వారం ఒక తోట మాయమై ఒక కాలనీ పేరు బోర్డెక్కేది. నేను కృష్ణా జిల్లా నుంచి డిప్లొమా కాగితం పట్టుకుని వచ్చి, ప్లాట్లు వేసే ఒక ఆఫీసులో సర్వేయరుగా కుదిరాను. ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టైర్ల కొట్టు పైన ఉండేది. యజమాని అక్కడి పాత ఊరి భూస్వాముల కుటుంబం మనిషి, అందరూ పటేల్ అనేవారు. తాతల నాటి చేలను ప్లాట్లు చేస్తున్నా మనసు మాత్రం ఇంకా వ్యవసాయంలోనే ఉండేది. ప్లాట్లు గీసిన ఏ నక్షా తెచ్చి చూపించినా, "గీడ మా తాత పల్లికాయ ఏసేటోడు" అని వేలు పెట్టి చూపించేవాడు.

నా కింద గొలుసు పట్టే చైన్‌మన్లు ఇద్దరు. ముందు పట్టేవాడు బలమైనవాడు, గొలుసు లాక్కుంటూ దూసుకుపోయేవాడు. వెనక పట్టేది యాభై దాటిన ఒక పెద్దాయన, హయత్‌నగర్ పక్క పల్లె. ఆయనకు చదువు లేదు, తొందర లేదు, నోట్లోంచి మాట కూడా తొందరగా రాదు. చిన్నప్పటి నుంచి కళ్ళంలో ధాన్యం కొలిచిన మనిషి. అందుకే మొదటి కొలతను ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. "లాభం, రెండు, మూడు" అని అతను లెక్కపెడుతుంటే ప్లాటు కొనడానికి వచ్చినవాళ్ళు సంతోషించేవారు, అదేదో మేము వాళ్ళకోసం పెట్టిన మర్యాద అనుకుని.

పని చాలా సులువు. గొలుసు పొడవు ముప్పై మీటర్లు. ముందువాడి చేతిలో పది ఇనప పిన్నులుంటాయి, మూరెడు పొడవు, తలకు ఎర్రగుడ్డ పీలిక. గొలుసు బిగించి లాగిన చోటల్లా ఒక పిన్ను గుచ్చుకుంటూ పోతాడు. వెనకవాడు వాటిని పీక్కుంటూ వస్తాడు. ముందువాడి చేతులు ఖాళీ అయితే పది గొలుసులు, అంటే మూడు వందల మీటర్లు నడిచినట్టు. అప్పుడు సర్వేయరు కొలతల పుస్తకంలో ఒక గీత గీస్తాడు. సర్వేయరు చెయ్యవలసిందల్లా ఆ గీత గీయడం, గీసే ముందు పిన్నులు పదీ ఉన్నాయో లేదో చూసుకోవడం.

ఇక నా బుర్ర తిప్పిన వేరే పుస్తకం సంగతి. కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్నాను. అట్టలేదు, మొదటి పదహారు పేజీలూ లేవు, అందువల్ల దాని పేరేమిటో రాసిందెవరో ఈనాటికీ తెలియదు. బుద్ధుడి మార్గమూ, చైనావాళ్ళ తావో మార్గమూ పక్కపక్కన పెట్టి చెప్పిన పుస్తకం. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. రెండు పెళ్ళి సంబంధాలు తప్పిపోయి ఉన్నాయి. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ వెనక ఒక గదిలో, మగ్గిన మామిడిపళ్ళ వాసనలో, నా భవిష్యత్తు గురించి దిగులుపడుతూ కూర్చునే నాకు ఆ పుస్తకం అమృతంలా తగిలింది. నిన్న లేదు, రేపు రాలేదు, ఉన్నది ఈ క్షణమే అంటుంది. నీళ్ళలా ఉండు, పల్లం ఎటుంటే అటు పో, దేనినీ బలవంతంగా తోయకు అంటుంది. నాకు ఎంత నచ్చిందంటే, వారం తిరక్కుండా నేను చాలావరకు జ్ఞానిని అయిపోయినట్టు అనిపించింది. నడకలో పాదం భూమిని తాకడం గమనించాలని రాసి ఉంటే చెప్పులు విప్పేసి తుమ్మచెట్ల మధ్య నడిచాను. ఆ వారమంతా నేను గమనించింది ముళ్ళనే.

పెద్దాయన సూది ఒకటి తెచ్చి, నా కాలు తన మోకాలి మీద పెట్టుకుని ముళ్ళు తీశాడు.

పటేల్ ఎల్బీనగర్ అవతల ఒక పొడవాటి ముక్క కొన్నాడు. మెయిన్ రోడ్డు దగ్గర మొదలై, వెనక ఒక ద్రాక్షతోట కంచె దాకా. ఆ పొడుగు కొలిచిన రోజున మొదటి పది గొలుసులూ బాగానే నడిచాయి, గీత గీశాను. చాయ్ తాగడానికి ఆగాం. పిన్నులు నేలమీద కుప్పగా ఉన్నాయి. ఏదైనా ఒక్క వస్తువును తీసుకుని పది శ్వాసల పాటు దానినే చూడమని పుస్తకంలో ఉంది. నేనొక పిన్ను తీసుకున్నాను. చూశాను. తుప్పు, ఎర్రగుడ్డ, దాని అంచున వేలాడే దారప్పోగు. నిజం చెప్తున్నాను, చాలా బాగుంది. ఎనిమిదో శ్వాసలో ఉండగా ముందువాడు పదండి సారూ అన్నాడు. ఆ పిన్నును పేజీల మధ్య గుర్తుగా పెట్టి పుస్తకం మూసి బ్యాగులో వేశాను.

తర్వాత జరిగిన కొలతలో నేను గట్టు మీద నడుస్తూ శ్వాసలోనే ఉన్నాను. ద్రాక్షతోట కంచె చేరాం. ముందువాడు పిన్నులు అయిపోయినయ్ అని కేకేశాడు. పెద్దాయన తను పీక్కొచ్చిన పిన్నులు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

"సారూ, తొమ్మిదే ఉన్నయి."

నేను అతని వంక ఎంతో కరుణతో చూశాను. అది నాకు బాగా గుర్తుంది. "ఉన్నది ఉన్నట్టు ఉండనీ, పెద్దాయనా," అన్నాను. పది అని గీత గీశాను.

ఆ తర్వాత పదిహేను రోజులు ఆఫీసులో కూర్చుని నక్షా వేశాను. బ్యాగు గోడ మేకుకు వేలాడింది. పిన్ను తల బయటికి కనిపిస్తూనే ఉండి ఉంటుంది, చూసే మనిషిని నేను కాదు. నక్షా నీలం కాగితం మీద అచ్చయింది, పటేల్ కొబ్బరికాయ కొట్టాడు, ప్లాట్లన్నీ పదిరోజుల్లో అమ్ముడయ్యాయి. సిబ్బందికి వాయిదాల మీద ఇస్తానంటే నేనూ ఒకటి తీసుకున్నాను, మెయిన్ రోడ్డుకు దగ్గరగా రెండో వరసలో. సొంత ప్లాటుంటే మూడో సంబంధమైనా నిలుస్తుందని మా అమ్మ ఉత్తరం రాసింది. ఆ సంతోషంలో గదికి వెళ్ళి చాన్నాళ్ళ తర్వాత పుస్తకం తెరిచాను. పిన్ను ఒళ్ళో పడింది.

ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. పెద్దాయన తొమ్మిదే అన్నాడు. తొమ్మిదే. నా నక్షాలో ఉన్న ముప్పై మీటర్లు నేల మీద లేవు. చివరి వరస ప్లాట్లూ, వాటి ముందున్న నలభై అడుగుల రోడ్డూ మొత్తం ద్రాక్షతోటలో పడతాయి. శూన్యం గురించి అప్పటిదాకా చదవడమే, ఇప్పుడు దాన్ని ప్లాట్లు వేసి అమ్మాను కూడా.

మర్నాడే చెప్పేసి ఉంటే ఇంత కథ లేదు. కానీ భయపడినవాడికి తత్వశాస్త్రం అందించే సాయం అంతా ఇంతా కాదు. గడిచినది లేదు కదా, లేనిదాన్ని తవ్వడమెందుకు అనుకున్నాను. రాళ్ళు పాతేది మెయిన్ రోడ్డు వైపు నుంచి, చివరి వరస చేరడానికి మూడు నెలలు పడుతుంది, రేపటి గురించి ఆందోళన అజ్ఞానం అనుకున్నాను. నీరు తన దారి తానే వెతుక్కుంటుంది అనుకున్నాను. పిన్ను ఆఫీసుకు తీసుకెళ్తే ఎక్కడిదని అడుగుతారని దోమతెర మూల కట్టుకోవడానికి గోడలో దిగ్గొట్టాను. ఇకమీదట తొమ్మిది పిన్నులకొక గీత అని చైన్‌మన్లకు చెప్పాను. పెద్దాయన సరే అన్నాడు. ఎందుకని అడగలేదు.

చివరి వరసలో ఉన్నవి నాలుగు ప్లాట్లు. మూడు పటేల్ బంధువులవి, వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. నాలుగోది ఒక బస్సు డ్రైవరుది. నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చి, చైతన్యపురిలో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉంటున్న కుటుంబం. ఇంటివాళ్ళు మూడుసార్లు ఖాళీ చేయించారట. ఆ భార్యాభర్తలు ప్రతి ఆదివారం టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చేవారు, రాళ్ళు ఎంతదాకా వచ్చాయో చూడటానికి. ఆవిడ నక్షా కాగితాన్ని పాలిథీన్ కవర్లో పెట్టుకుని తెచ్చేది. పొయ్యి తూర్పుకు పెట్టాలా వద్దా అని నన్ను అడిగేది, నేను చదువుకున్నవాణ్ణని. ఇంకెన్ని వరసలున్నాయి సారూ అని అడిగేది. ఐదు అన్నాను. తర్వాతి వారాల్లో నాలుగన్నాను, మూడన్నాను. ఆ ఆదివారాల్లో నేను ఎన్నిసార్లు కళ్ళు మూసుకున్నా శ్వాస కనిపించలేదు, ఆవిడ పాలిథీన్ కవరే కనిపించింది.

చివరి వరస రోజు రానే వచ్చింది. భూమిపూజ చేసుకుంటామని డ్రైవరు దంపతులు పసుపు, కుంకుమ, కొబ్బరికాయతో వచ్చారు. పటేల్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. మేం కొలుచుకుంటూ వెళ్ళాం, చివరి రోడ్డు మొదలవ్వాల్సిన చోటే ద్రాక్షతోట కంచెకు పాతిన రాతి కడీలు ఎదురొచ్చాయి. ఆ కడీల మధ్య నులకమంచం మీద తోట రైతు కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. ఎవరో కాగితం చూపించబోతే ఆయన లేవను కూడా లేదు.

"పటేలా, నీ కాయితంల ఏమన్న రాస్కో. గీ కడీ దాటి రాయి పాతితే మాత్రం ఊకోను."

పటేల్ నక్షా తిప్పి తిప్పి చూశాడు, తలకిందులుగా కూడా చూశాడు. మళ్ళీ కొలవమన్నాడు. మళ్ళీ అంతే. తోట రైతు ముందుకు జరిగాడేమోనని కడీలు చూస్తే, అవి పాతి ఇరవై ఏళ్ళు దాటినట్టు నాచు పట్టి ఉన్నాయి. ఇదంతా ఏమిటో అర్థం కాక డ్రైవరు తన భార్య వంక చూస్తున్నాడు. ఆవిడ కాగితం మీద తన ప్లాటుకు పెట్టుకున్న గుర్తు మీద వేలుంచి నా దగ్గరకొచ్చింది.

"గట్లయితే మా ఇల్లు ఏడ సారూ?"

ఆ వేలు ద్రాక్ష గుత్తుల వైపే చూపిస్తోంది. పటేల్ గొలుసు పట్టిందెవరు, పిన్నులు చూసిందెవరు అని చైన్‌మన్ల మీద పడ్డాడు. ఏమైందని గట్టిగా అడిగితే పెద్దాయన, పిన్ను ఒకటి తక్కువైంది పటేలా అన్నాడు, అంతే. తక్కువైందని నాకు చెప్పినట్టు అనలేదు. నా వంక చూడను కూడా చూడలేదు. రేపటి నుంచి పనికి రావద్దని పటేల్ అందరి ముందూ చెప్పాడు. నీళ్ళలా ఉండమని నేర్చుకున్న నేను ఆ నిమిషంలో నిజంగానే నీళ్ళయిపోయి నిలబడ్డాను.

పెద్దాయన వాదించలేదు, కండువా దులుపుకుని వెళ్ళిపోనూ లేదు. పని పోయిన మనిషి కింద కూర్చుని గొలుసు మడవడం మొదలుపెట్టాడు. గొలుసు మడవడం అంటే చుట్ట చుట్టడం కాదు. నడుమ పట్టుకుని రెండేసి కడ్డీలు కలుపుకుంటూ, మెలి పడకుండా, కట్ట కట్టాలి. ఎప్పుడూ ఎట్లా మడుస్తాడో అట్లాగే మడిచాడు. తోలు పట్టీ బిగించాడు. పిన్నులకు అంటిన మట్టి ఒక్కొక్కటిగా తుడిచి, గుడ్డలో చుట్టి, లేచి నా దగ్గరకు వచ్చి నా చేతిలో పెట్టాడు.

"తొమ్మిది ఉన్నయి సారూ. చూస్కోండ్రి."

సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతున్నాయి. నేను పటేల్ వైపు తిరిగాను.

"పిన్ను ఈయన పోగొట్టలేదండీ. నా గదిలో ఉంది. తొమ్మిదే ఉన్నాయని ఈయన ఆ రోజే చెప్పాడు. పది రాసింది నేను."

గదిలో ఎందుకుందని పటేల్ అడిగాడు. దోమతెరకు కట్టానని చెప్పాను. తోట రైతు నులకమంచం మీద పొట్ట పట్టుకుని నవ్వాడు. పటేల్ నవ్వలేదు. ఎప్పుడు తెలిసిందని అడిగాడు, చెప్పాను.

"మరి మూడు నెలల సంది ఏడున్నరు సర్వేర్ సాబ్?"

దానికి పుస్తకంలో ఏమైనా సమాధానం ఉందేమో, నాకు మొదటి పదహారు పేజీలు రాలేదు. డ్రైవరు భార్య ఇంకా కాగితం మీద వేలు తియ్యలేదు. రెండో వరసలో నా ప్లాటు ఉందని, అది వాళ్ళకు రాసివ్వమని అన్నాను. గొప్పతనం అనుకోకండి. ఆ వేలు అక్కడి నుంచి కదిలితే చాలనిపించింది. మా అమ్మకు ఏమని ఉత్తరం రాయాలో అప్పుడు తోచలేదు. మూడో సంబంధం కూడా తప్పిపోయింది, అది వేరే సంగతి.

పటేల్ పెద్దాయనను మళ్ళీ గొలుసు విప్పమన్నాడు. ఇప్పుడు మెయిన్ రోడ్డు నుంచి తనే దగ్గరుండి కొలిపిస్తానన్నాడు, మనుషుల మీద నమ్మకం పోయిందన్నాడు. అట్లా ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక ఊరేగింపు బయల్దేరింది. ముందు గొలుసు, దాని వెనక పటేల్, కొబ్బరికాయ పట్టుకుని డ్రైవరు, పాలిథీన్ కవరుతో ఆయన భార్య, వీళ్ళేం చేస్తారో చూద్దామని మంచం వదిలి వచ్చిన తోట రైతు. పెద్దాయన లాభం అనగానే అందరూ లాభం అన్నారు. రెండు అంటే రెండు అన్నారు. నాలుగో గొలుసు దగ్గర తోట రైతు ఐదు అన్నాడు, డ్రైవరు భార్య కాదు నాలుగే అని ఆయనతో తగువు వేసుకుంది. మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసి వచ్చారు, ఆవిడే గెలిచింది.

కంచె దాకా కొలిచి వెనక్కి వచ్చి, రెండో వరసలో నా ప్లాటు దగ్గర ఆగి, నాలుగు మూలలా కొలిచి, అక్కడే కొబ్బరికాయ కొట్టారు. తూర్పు ఎటో ఆవిడ ఈసారి నన్ను అడగలేదు, పెద్దాయనను అడిగింది.

ఆ కొలత అంతా అయ్యాక బోరింగు దగ్గర నీళ్ళు తాగుతుంటే తట్టింది, రెండు గంటలుగా నేను ఈ క్షణంలో ఉండాలని ఒక్కసారి కూడా అనుకోలేదు. పిన్నులు లెక్కపెట్టాను. ప్రతి పిన్నూ చూశాను, ఎర్రగుడ్డలు చూశాను, గొలుసు బిగువు చూశాను, ఎవరి మొహంలో ఏముందో చూశాను. బహుశా ఆ పుస్తకం చెప్పింది ఇదేనేమో. దానికి కళ్ళు మూసుకోవలసిన అవసరం ఎక్కడా లేదు. నిన్న చేసిన తప్పు ఇవాళ ఒకరి వేలి కింద ఉంటే అది నిన్నటిది ఎట్లా అవుతుంది? మూడు నెలల పాటు గతం లేదు అని చెప్పుకున్నవాడు గతంలోనే కాపురం పెట్టాడన్నమాట. ఇవన్నీ తర్వాత తీరిగ్గా తోచిన మాటలు. ఆ వేళ మాత్రం ఒకటే తొలుస్తోంది.

సాయంత్రం పెద్దాయన, నేను బస్సు కోసం నడుస్తున్నాం. అతని పని అతనికి ఉంది, నాదీ ఎట్లాగో ఉంది, జీతంలో కోత పడింది. కాస్త దూరం పోయాక అడిగాను, తొమ్మిదే అని నాకు ఆ రోజే చెప్పావు కదా పెద్దాయనా, పొద్దున పటేల్ పనిలోంచి తీసేస్తుంటే ఆ ఒక్క మాట ఎందుకు అనలేదని. అతనికి నేనడిగింది విచిత్రంగా అనిపించినట్టుంది, నడక ఆపి నా మొహం చూశాడు.

"నేనెందుకు చెప్త సారూ? మీరు ఆడనే ఉన్నరు గద."